మామ్మ భోషాణంలో 37 వెండి రూపాయలు: వీటిలో అసలువెన్ని?

కొబ్బరాకు, పి.గన్నవరం:

అందరికీ నమస్కారమండి. మా మండువా లోగిలి పడగొడుతున్నాం. ఆ గోడలు ఇంకో వరదకి ఆగేలా లేవు. సామాను బయట పెడుతుంటే మామ్మ భోషాణం అడుగున, మరచెంబుల కింద, ముతక గుడ్డతో కట్టిన మూట ఒకటి దొరికింది. ముడి ఎంత బిగించిందంటే పంటితో విప్పాల్సొచ్చింది. లోపల 37 వెండి రూపాయలు. మామ్మ పోయి పద్దెనిమిదేళ్ళు. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలీదు. మా నాన్నయితే ఆ మూట చూసి కాసేపు మాట్లాడకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆయన కాలేజీ ఫీజుకి ఊళ్ళో అప్పు చేసిన ఏడు కూడా ఇది ఇక్కడే ఉండి ఉంటుంది మరి.

ఫోటోలు తీద్దామని ఫోను చార్జింగు పెట్టి వచ్చేలోపు అమ్మ వాటిని పెరట్లోకి పట్టుకుపోయి, చింతపండు, విభూతి వేసి కొబ్బరిపీచుతో తోమడం మొదలెట్టేసింది. "లక్ష్మీదేవిని అలా నల్లగా ఉంచుతార్రా" అంటుంది. 20 అయిపోయాయి. 17 మాత్రం నల్లగానే దక్కాయి.

లెక్క ఇదీ. కిరీటం లేని పడుచు విక్టోరియా రాణి, వెనకాల ఈస్ట్ ఇండియా కంపెనీ, 1840 అని ఉన్నవి రెండు. కిరీటం పెట్టుకున్న రాణివి 1862 సంవత్సరంవి అయిదు. అదే రాణి, ఎంప్రెస్ అని రాసినవి, 1877కీ 1901కీ మధ్యవి తొమ్మిది. బట్టతల ఎడ్వర్డువి ఆరు, మామ్మ "బోడిరాజు" అనేది ఈయన్నే. వీటిలో మూడింటికి పైన కొక్కెం అతికించి ఉంది. అయిదో జార్జివి పది, అందులో ఒకటి 1911. ఆరో జార్జివి నాలుగు: 1944, 1945, 1947, నాలుగోదానికి 193 తరవాత అంకె అరిగిపోయి 8ఓ 9ఓ తెలియట్లేదు. ఆఖరిది సీతారామలక్ష్మణులు, ఆంజనేయస్వామి ఉన్నది, దానిమీద 1818 అని ఉంది.

అమలాపురంలో ఒక కొట్లో చూపిస్తే ఆయన తూచను కూడా తూచకుండా "సగం డూప్లికేట్లండి, మొత్తం కలిపి వెండి రేటులో ముప్పాతిక వేసి తీసుకుంటాను" అన్నాడు. వాట్సాప్‌లో తగిలిన ఇంకొకాయన 1862వి ఒక్కోటి రెండు లక్షలంటాడు, ముందు రిజిస్ట్రేషనుకి 4,500 కట్టమంటాడు. ఈ మూట మూడు వాటాలు అవ్వాలి: నాన్న, రాజోలు పెద్దత్త, భీమవరం చిన్నత్త. ఏవి అసలువో తేల్చకుండా పంచితే, రేపు ఎవరి వాటాలో నకిలీ పడితే వాళ్ళు నన్నంటారు. ఎలా చూడాలో చెప్పండి.

ఎర్రవంతెన, రావులపాలెం:

1862 అంటే 160 ఏళ్ళు దాటిందండి! యూట్యూబులో 5 లక్షలని చెప్పాడు. తొందరపడి ఇచ్చెయ్యకండి. వచ్చేదాని ముందు 4,500 ఒక లెక్కా? ఇంతకీ భూమిలో దొరికిన సొమ్మంటే గవర్నమెంటుకి చెప్పాలి కదా, అది కూడా చూసుకోండి.

యానాం గాలి:

ఎర్రవంతెన గారూ, ఆ 4,500 ముందు మీరు కట్టండి, లక్షలొచ్చాక మాకు చెబుదురుగాని. పాత నాణేలు కొంటామని ముందే కమీషన్లు, చార్జీలు అడిగేవాళ్ళ గురించి, రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడేసుకుంటున్నారని, 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. వాళ్ళు ఇలాంటి వ్యవహారం చెయ్యరు, ఎవరికీ అప్పగించలేదు.

భూమి సంగతి సరిగ్గానే గుర్తు చేశారు. 1878 నాటి చట్టం ప్రకారం మట్టిలో దాగి దొరికిన సొమ్ము పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలపాలి. ఇది మామ్మగారి భోషాణంలో దొరికింది, పునాది తవ్వితే దొరికింది కాదు. కొబ్బరాకు గారూ, పునాది తవ్వేటప్పుడు ఇంకేమైనా బయటపడితే మాత్రం మూట కట్టి దాచకండి.

1862 అని ఉన్నంత మాత్రాన అది 1862లో కొట్టినదని కూడా కాదు. ఆ అంకెనే అలా ఉంచేసి 1870ల దాకా కొడుతూ పోయారు. బొంబాయి టంకశాలలో ఏ ఏడుదో గుర్తు తెలియడానికి చిన్న చుక్కలు పెట్టేవారు. అందుకే 1862 అంత విరివిగా దొరుకుతుంది. గోదావరి జిల్లాల్లో ఏ భోషాణం తెరిచినా రెండన్నా ఉంటాయి.

కాటా బాబాయ్, తణుకు:

అబ్బాయ్, ముందు మీ అమ్మగారి చేతిలోంచి ఆ పీచు లాక్కుని దాచెయ్. మిగతాది తరవాత మాట్లాడుకుందాం.

నాది కాటాలు బాగుచేసే పని. నలభై ఏళ్ళు తక్కెళ్ళు సరిచేశాను, ఇప్పుడు ఎలక్ట్రానిక్ వాటికి బ్యాటరీలు మారుస్తున్నాను. ఈ నాణేల పిచ్చి ఆ పనిలోంచే పట్టింది. మా నాన్న పాలకొల్లు సంతలో కూర్చునేవాడు. ఆయన పెట్టెలో తూకపు రాళ్ళ పక్కన మూడు వెండి రూపాయలుండేవి. అవి ఖర్చు పెట్టడానికి కాదు, తూచడానికి. మూడు రూపాయలు ఒక పలం. నలభై పలాలు వీశె, అంటే 120 రూపాయల ఎత్తు. రాయి తరిగిందని ఎవడైనా తగువు పెట్టుకుంటే ఆ రూపాయలు తీసి పళ్ళెంలో వేసేవాడు, తగువు తీరిపోయేది. మా వీధి ఆచారిగారు ఇప్పటికీ మందు చీటీలో "రూపాయెత్తు శొంఠి" అని రాస్తాడు. అది ఈ రూపాయే, నీ జేబులో బిళ్ళ కాదు.

అంత నమ్మకం ఎందుకంటే, 1835లో కంపెనీ వాళ్ళు నాలుగో విలియం బొమ్మతో మొదలెట్టిన దగ్గర్నుంచి 1945 దాకా రాణి పోయి రాజులొచ్చారు గాని తూకం మారలేదు. 180 గ్రెయిన్లు, సరిగ్గా తులం, గ్రాముల్లో 11.66. ఇప్పటి కొట్లలో పది గ్రాముల్నే తులం అనేస్తున్నారు, అది వేరే బాధ. 1940కి ముందు వాటిలో వెండి నూటికి 91.67 పాళ్ళు, మిగతాది రాగి. 1940 నుంచి, యుద్ధం రోజుల్లో, వెండి సగానికి దించేశారు, మిగతాది రాగి, నికెలు, జింకు. ఎత్తు మాత్రం అదే ఉంచారు. 1947 వాటిలో వెండే లేదు, ఉత్త నికెలు. నీ 1947 దానికి అయస్కాంతం పెట్టి చూడు, ఠక్కున అంటుకుంటుంది. వెనకాల పులి ఉంటుంది కదా? అది అసలుదే, కానీ వెండి కాదు. అంటుకుందని నకిలీ కింద పారేసేవు.

0.01 గ్రాము చూపించే చిన్న కాటా ఒకటి కొను, కొన్ని వందల్లో వస్తుంది. అన్నీ తూచి కాగితం మీద రాయి. ఇక్కడో కిటుకుంది, అందరూ పొరపడేది ఇక్కడే. 11.66 వస్తే అసలు, రాకపోతే నకిలీ అనుకోకు. నాణెం సంత సంతా తిరిగింది, అరిగింది. 11.5, 11.4 తూగితే ఆశ్చర్యం లేదు. తూకాన్నీ మొహాన్నీ కలిపి చూడాలి. రాణి బుగ్గ, జుట్టు అన్నీ నున్నగా అరిగిపోయి ఉన్నా కాటా 11.66 చూపిస్తోందంటే ఆ అరుగుదల అబద్ధం, అరిగిన నాణేన్ని అచ్చు తీసి పోసినదన్నమాట. అలాగే కొత్తదానిలా గీతలన్నీ తేలి ఉండి 11.2 తూగినా అబద్ధమే. 11.7 దాటిందా, అక్కడ ఆగిపో. వెండి చేతుల్లో అరుగుతుంది గాని పెరగదు. కొక్కేలున్న మూడింటికి ఈ లెక్క పనికిరాదు, టంకం బరువు కలుస్తుంది.

తరవాత నీళ్ళ పరీక్ష. కాటా మొయ్యగలిగే చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్ళు పోసి, కాటా మీద పెట్టి సున్నా చెయ్. నాణేనికి కుట్టుదారం కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదియ్. అడుక్కీ గోడకీ తగలకూడదు, నీటి బుడగ అంటుకుని ఉండకూడదు. కాటా ఒక అంకె చూపిస్తుంది, నాణెం ఎంత నీటిని తోసిందో ఆ బరువు. నాణెం బరువుని దానితో భాగించు. పాత వెండి రూపాయికి 10.3 చుట్టుపక్కల వస్తుంది. 11.66 తూగేదైతే కాటా మీద 1.13 అన్నమాట. 1944, 45 వాటికి తొమ్మిదిన్నర దగ్గర వస్తుంది, కంగారు పడకు. జర్మన్ సిల్వర్ అయితే ఎనిమిదిన్నర. పేరులో సిల్వర్ ఉంది గాని అందులో వెండి చుక్క లేదు, రాగి, నికెలు, జింకు కలిపినది.

ఇంక కొట్టాయన మాట. సగం డూప్లికేట్లని తెలిసినవాడు మొత్తం కలిపి కొంటానన్నాడంటే, ఏవి ఏవో ఆయనకి మనకన్నా బాగా తెలుసు.

గీటురాయి, నరసాపురం:

కాటా బాబాయ్ గారు తూకం దగ్గర ఆగారు, మిగతాది నేను చెబుతాను. మాది కంసాలి పని, మూడు తరాలు. మా తాత నాణెం చేతికిస్తే మొహం చూసేవాడు కాదు, అంచు చూసేవాడు. "కొట్టినదా పోసినదా?" ఇదొక్కటే ఆయన ప్రశ్న.

టంకశాలలో బిళ్ళని రెండు అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బ కొడతారు. అక్షరం గోడలు నిటారుగా లేస్తాయి, అక్షరాల మధ్య నేల సాపుగా ఉంటుంది. మూసలో పోసినదానికి అక్షరం మైనం కరిగినట్టు అంచులు జారి ఉంటుంది, నేలలో సూదిమొనంత గుంటలుంటాయి, భూతద్దంలో తెలుస్తాయి. అంచు మీద గీతలు వరసగా, ఒకే ఎడంలో ఉండాలి. మూస రెండు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత వస్తుంది, దాన్ని ఆకురాయితో రాస్తారు, అప్పుడు అక్కడ గీతలు పోయి నున్నగా అవుతుంది. 1944, 45 వాటికి అంచు గీతల మధ్యలో ఒక గాడి కనబడాలి. దొంగనాణేలకి అడ్డం వెయ్యడానికే ఆ గాడి పెట్టారు.

మా వాళ్ళ గుట్టు కూడా చెప్పాలి, తప్పదు. ధనత్రయోదశికి రాణీ బొమ్మ, జార్జి బొమ్మ వేసి కొత్త వెండి బిళ్ళలు కొడతారు. అవి మోసమని చెయ్యరు, పూజకని అమ్ముతారు. వాటిలో వెండి పాత రూపాయి కంటే మేలుగానే ఉంటుంది. కానీ ముప్ఫై ఏళ్ళు బీరువాలో నల్లబడ్డాక, అమ్మినవాడు పోయాక, అవే "తాతల నాటి రూపాయలు" అయిపోతాయి. కాబట్టి వెండి అని తేలినంత మాత్రాన పాతదని తేలినట్టు కాదు.

నా పేరు గీటురాయే అయినా మీరు మాత్రం రాయి మీద గీటనివ్వకండి. గీటితే అంచు పోతుంది. మెషిన్లో టంచ్, అంటే వెండి ఎన్ని పాళ్ళుందో, చూపించుకోండి, నాణేనికి ఏమీ కాదు. అయితే ఆ మెషిన్ పైపొర మాత్రమే చదువుతుంది. మీ అమ్మగారు చింతపండు పట్టించారు కదా, పులుపుకి పైనున్న రాగి కొంచెం పోయి వెండి మిగులుతుంది. 92కి 95 చూపించినా నమ్మెయ్యకండి. వెండి పూత వేసినదాన్నీ అలాగే మెచ్చుకుంటుంది ఆ మెషిన్. అందుకే బాబాయ్ గారి కప్పూ దారమే మేలు.

తోమిన 20 గురించి బెంగ పెట్టుకోకండి, కావాలంటే నేను మెరుగు పెట్టిస్తాను, గీతలు కనబడవు.

కాటా బాబాయ్, తణుకు:

గీటురాయి గారూ, అంతా బంగారంలా చెప్పి ఆఖర్న అదేం మాటండి. పీచు గీతల మీద మెరుగు పెడితే పుండు మీద కారం. ఉన్న కాస్త అచ్చు కూడా మీ బఫు చక్రం తినేస్తుంది.

గీటురాయి, నరసాపురం:

ఆయ్, అలవాటు ఎక్కడికి పోతుందండి. మెళ్ళో వేసుకునేవైతే పెట్టించండి, దాచుకునేవైతే వద్దు.

కొబ్బరాకు, పి.గన్నవరం:

గురువులందరికీ దణ్ణాలు. కాటా కొన్నాను. నిన్న రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా నేను, నాన్న, ఒక పెరుగు కప్పు, కుట్టుదారం. నాన్న అంకెలు రాశాడు. చాలా ఏళ్ళ తరవాత ఇద్దరం అంతసేపు ఒక చోట కూర్చున్నాం.

ఎక్కువభాగం 11.48కీ 11.65కీ మధ్య తూగాయి. నీళ్ళలో 10.2 నుంచి 10.4. దారం తడిసి ఒక్కోసారి అంకె ఆడింది, మూడేసి సార్లు తూచాం. 1944, 45 తొమ్మిదిన్నర దగ్గరే వచ్చాయి, గాడి కూడా ఉంది. 1947 అయస్కాంతానికి అంటుకుని వేలాడింది, పులితో సహా.

తేడా వచ్చినవి రెండు. ఒక ఎంప్రెస్ రాణి 10.21 తూగింది, నీళ్ళలో 1.19, అంటే 8.58. భూతద్దంలో చూస్తే రాణి మొహం నిండా గుంటలు, అంచు మీద ఒక చోట నున్నగా రాసిన గుర్తు. ఇంకోటి 1918 అయిదో జార్జి. ఇది 11.90 తూగింది, నీళ్ళలో 1.14, అంటే 10.44. గీతలన్నీ కొత్తగా ఉన్నాయి. ఇది గీటురాయి గారు చెప్పిన పూజ బిళ్ళేనా? ఈ అంకె చదవగానే నాన్న తలెత్తి, "ఇది చిన్నత్త పెళ్ళిలో కలశంలో వెయ్యడానికి కొన్నారు, నేనే వెళ్ళి తెచ్చాను" అన్నాడు. మూట సంగతి తెలీదన్న మనిషి!

193 దాని మీద టార్చి పక్కనుంచి పెట్టి చూశాం. ఆఖరి అంకె కింది సున్నా ఎడమవైపు కూడా మూసుకుని ఉంది. 8 అనిపిస్తోంది. 1911 దానిమీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుందంటారు, అది ఎక్కడుందో ఇప్పటిదాకా నాకు కనబడలేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. నాణెం "మంచి కండిషన్" అని ఏది చూసి చెబుతారు? నా కంటికి అమ్మ తోమినవే బాగున్నాయి!

యానాం గాలి:

ఎడమవైపు మూసుకుంటే 8. 9 అయితే కింద ఎడమవైపు తెరిచి ఉండాలి. 1939 రూపాయి బజార్లోకి వచ్చినవే చాలా తక్కువ, అందుకే దానికి అంత పేరు, అందుకే 1938ని చెక్కి 9 చేసేవాళ్ళూ ఉన్నారు. మీది చెక్కలేదు కదా, నిజాయితీగల 1938 అనుకుని సంతోషించండి.

ఏనుగు రాజుగారి అంగీ మీద, ఛాతీ దగ్గర ఉంటుంది, చిన్నది. 1911లో దాని తొండం పొట్టిగా చెక్కారు. జనానికి అది పందిలా కనబడింది, గోల అయింది. నాణేలు వెనక్కి రప్పించి కరిగించారు, 1912 నుంచి తొండం సాగదీశారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు. మీది అరగకపోతే ఆ పంది కనబడుతుంది, మీకే కనబడట్లేదంటే అరిగిందన్నమాట. గ్రేడింగ్ అంటే సరిగ్గా ఇదేనండి.

నాణెం మీద ఎత్తుగా ఉన్న చోటు ముందు అరుగుతుంది. రాణికి చెవి పైన జుట్టు పాయలు, బుగ్గ, కిరీటం, గౌను మీది అల్లిక. ఎడ్వర్డుకి చెవి పైన ఉన్న కాస్త జుట్టు, గడ్డం. జార్జికి ఛాతీ మీది హారం, ఏనుగు, కిరీటం. జుట్టు ఒక ముద్దగా అయి, అక్షరాలు మాత్రం తేటగా ఉంటే ఫైన్. పాయలు సగం విడివిడిగా తెలిస్తే వెరీ ఫైన్. ఎత్తైన చోట్ల కాస్త నలిగి మిగతా అల్లికంతా ఉంటే ఎక్స్‌ట్రా ఫైన్. ఏమాత్రం చెయ్యి మారని దానికి మింట్ స్టేట్. పేరు విని మోసపోకండి, వెరీ ఫైన్ అంటే చాలా బాగుందని కాదు, మధ్యరకం అని. 1 నుంచి 70 దాకా అంకెలు కూడా వేస్తారు. అది 1949లో షెల్డన్ అనే అమెరికా ఆయన వాళ్ళ సెంటు నాణేల కోసం పెట్టిన లెక్క, ఇప్పుడు లోకమంతా వాడుతోంది. 60 నుంచి పైన మింట్ స్టేట్.

మెరుపు గురించి. కొత్త నాణేన్ని దీపం కింద తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. అచ్చు దెబ్బకి లోహం పారిన జాడ అది. ఒకసారి తోమితే పోతుంది, మళ్ళీ రాదు. మీ అమ్మగారు తోమిన వాటిని తిప్పి చూడండి, వెలుగు తిరగదు, పళ్ళెంలా ఒక్కసారే తళుక్కుమంటుంది, అన్ని దిక్కులా సన్న గీతలు కనబడతాయి. పీసీజీఎస్, ఎన్జీసీ లాంటి, నాణేలకి గ్రేడు వేసే అమెరికా సంస్థలు అలాంటి వాటికి అంకె వెయ్యరు, అసలుదే గాని కడిగారు అని రాసి డబ్బాలో పెట్టి పంపిస్తారు. టంకం ఉన్న వాటికీ అంతే. నలుపు అంటే మురికి కాదండి, వెండి మీద గంధకం పట్టి ఏర్పడిన పొర. అది పట్టాక లోపలిది కదలకుండా ఉంటుంది. పచ్చగా చిలుము ఉంటేనే ఆలోచించాలి, మన ఉప్పుగాలికి అది తొందరగా వస్తుంది.

అన్నీ గ్రేడింగుకి పంపడం మాత్రం వద్దు. ఫీజు, కొరియరు కలిపితే మామూలు నాణెం విలువ దాటిపోతుంది. పైగా వందేళ్ళు దాటిన నాణేన్ని మనంతట మనం దేశం బయటికి పంపడానికి 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. ఆ నల్ల 17 ఫోటోలు పెట్టండి, దీపం పక్కనుంచి పెట్టి.

కాటా బాబాయ్, తణుకు:

1818 రాముడి బిళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెబుతాను. కంపెనీ వాళ్ళు దేవుడి బొమ్మ వెయ్యలేదా అంటే వేశారు. మద్రాసులో మూడు స్వాముల వరహా అని బంగారంది కొట్టారు. కానీ రామపట్టాభిషేకంతో 1818 నాణేలు కొట్టలేదు. అవి గుళ్ళ దగ్గర, తిరనాళ్ళలో అమ్మిన బిళ్ళలు. బియ్యం గింజల్ని తనవైపు లాగే మహిమ ఉంది, కోట్లు వస్తాయి అని వాటి చుట్టూ పెద్ద మోసాలే నడిచాయి. దేవుడి గూట్లో పెట్టుకోవడానికి మాత్రం నిక్షేపంలా ఉంటుంది.

కొబ్బరాకు, పి.గన్నవరం:

నల్ల 17 ఫోటోలు పెట్టాను.

యానాం గాలి:

చూశాను. ఎక్కువభాగం ఫైన్, రెండు మూడు వెరీ ఫైన్. 1911 కూడా ఫైనే, కానీ తోమలేదు, మంచిది. రెండు 1840లు తేడా గమనించారా? ఒకదానికి విక్టోరియా క్వీన్ అని తల చుట్టూ ఒకే వరసలో ఉంది, రెండోదానికి తలకి చెరోపక్క విడిపోయింది. రెండు రకాలూ మీ మామ్మగారి దగ్గర ఉన్నాయి.

అన్నిట్లోకీ ఆ 1901 ఎంప్రెస్ చూడండి, నల్లగా అసహ్యంగా ఉందని మూలన పెట్టినట్టున్నారు. అంచుల దగ్గర నీలంగా తిరిగింది, జుట్టు పాయలన్నీ ఉన్నాయి, అక్షరాల సందుల్లో మెరుపు ఇంకా దాక్కుని ఉంది. ఎక్స్‌ట్రా ఫైన్, నా లెక్కన. మూట మొత్తానికీ మేలైనది ఇదే.

కాటా బాబాయ్, తణుకు:

ఇంక వాటాల సంగతి. 37లోంచి రాముణ్ణి, పులిని, పోసిన రాణిని, కలశం జార్జిని తీసెయ్. 33 మిగిలాయి. తలా 11, దేవుడిచ్చిన లెక్క. 31 మంచి వెండివి, ఒక్కోటి అరగకపోతే 10.69 గ్రాముల అసలు వెండి. రెండు సగం వెండివి, 5.83. అరుగుదల తీసేస్తే మొత్తం 340 గ్రాములు అనుకో, ఆ రోజు రేటుతో హెచ్చించు, అదీ అట్టడుగు ధర. ఆ రేటుకి తగ్గితే ఎవరికీ ఇవ్వొద్దు. దానిపైన వచ్చేది 1901కీ, 1840లకీ, 1911కీ మాత్రమే, అది కూడా లక్షలు కాదు. ఆ నాలుగింటిని ముందు పక్కన పెట్టి పెద్దవాళ్ళని కోరుకోనివ్వు, మిగతావి చీటీలు వెయ్.

కవర్లు మాత్రం చూసి కొను. మెత్తగా వంగే ప్లాస్టిక్ వాసనొచ్చే కవర్లలో పెడితే మన చెమ్మకి రెండేళ్ళలో పచ్చటి జిగురు కారుతుంది. గట్టి మైలార్ కవర్లు అడుగు. రబ్బరు బ్యాండు వెయ్యకు, అందులో గంధకం ఉంటుంది. అంచు పట్టుకో, మొహం మీద వేలు పెట్టకు.

కొబ్బరాకు, పి.గన్నవరం:

ఆదివారం అత్తలిద్దరూ వచ్చారు. పులస దొరకలేదు గాని మిగతా భోజనం బానే అయింది. బాబాయ్ గారి కాగితం ముందు పెట్టి అంతా చదివి వినిపించాను. పెద్దత్త నాలుగు మంచివాటి వంక కూడా చూడలేదు. కొక్కేలున్న బోడిరాజులు మూడూ తనకే కావాలంది. చిన్నప్పుడు మామ్మ మెళ్ళో నల్లపూసల పక్కన వేలాడేవట, పాలు తాగుతూ పట్టుకుని లాగేదట. చిన్నత్త 1901 నాన్నకి వదిలేసి, లెక్కలోంచి తీసేసిన కలశం జార్జిని అడిగి తీసుకుంది. అది పాతది కాదత్తా అంటే, "నా పెళ్ళి నాటిది, ఇంకెంత పాతది కావాల్రా" అంది. 1840లు చెరోటి అత్తలకి, 1911 నాకు పెట్టారు, ఇప్పుడు పంది కనబడుతోంది. మిగతావి చీటీల్లో తేలిపోయాయి. పోసిన రాణిని మాత్రం ఎవరూ తీసుకోలేదు, గీటురాయి గారికి కావాలంటే పంపిస్తాను, వచ్చిన వాళ్ళకి చూపించుకోవచ్చు.

అన్నీ మైలార్ కవర్లలో పెట్టి బీరువాలో పెట్టాం. రాముడు గూట్లో ఉన్నాడు. పులి రూపాయి మా అబ్బాయి అయస్కాంతంతో ఆడుకుంటున్నాడు. అమ్మ పొద్దుట్నుంచి కొబ్బరిపీచు కోసం వెతుకుతోంది, నేను చూడలేదన్నాను.